కేజీలో తోట ఏదీ?

సంక్రాంతికి వైరా వెళ్లినప్పుడు మా అక్క కొడుకు హోంవర్క్ చేస్తున్నాడు. వాడు చదివేది నర్సరీ. "మామా, చెట్టుకి కలర్ వెయ్యాలి" అని పుస్తకం నా ఒళ్లోకి తోశాడు. ఏం చెట్టురా అంటే "ట్రీ" అన్నాడు. కిటికీ బయట వేపచెట్టు కనబడుతూనే ఉంది. అదీ "ట్రీ"యేనట.

మర్నాడు వాణ్ణి ఇంకో నర్సరీకి తీసుకెళ్లా, పక్క ఊరి పంచాయతీ మొక్కల నర్సరీకి. 2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా వచ్చినవే ఇవి. ఉపాధి హామీ కూలీలు ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నల్ల కవర్లలో నింపుతున్నారు. వీడూ కూర్చున్నాడు. నింపాడు, ఒంపాడు, మళ్లీ నింపాడు. కవరుకి కన్నాలెందుకని అడిగితే ఒక పెద్దమ్మ నీళ్లు పోసి చూపించింది. "ఉచ్చ పోస్తుంది!" అని అరిచి, ఇక వరసగా ప్రతి కవరుకీ నీళ్లు పోసి ఏది ముందు కారుతుందో చూశాడు. ఇసుక ఎక్కువున్న కవరు గెలిచింది. మనం సాయిల్ మెకానిక్స్ ల్యాబ్‌లో రికార్డు కాపీ కొట్టేది దీని గురించే కదా.

ఇంటికొచ్చాక అక్క చొక్కా చూసి, "మట్టిలో ఆడ్డానికా వేలకు వేలు ఫీజు కట్టింది?" అంది. ఆమె కోపం నాకర్థమైంది. ఇంగ్లీషు రాక ఇంటర్వ్యూల్లో తను పడ్డ ఇబ్బంది కొడుకు పడకూడదని ఆమె భయం. కానీ ఎల్‌కేజీలో కేజీ అంటే కిండర్‌గార్టెన్, జర్మన్‌లో పిల్లల తోట. 1840లో ఫ్రోబెల్ పెట్టిన పేరు. అంగన్‌వాడీలో 'అంగన్' అంటే వాకిలి. పేర్లు బయటే ఉన్నాయి, పిల్లలే గదిలో ఉన్నారు. డెన్మార్క్‌లో 1950ల నుంచే అడవి బడులున్నాయి. అక్కడిదాకా ఎందుకు, గుజ్జనగూళ్లు, తాటికాయల బండి, బతుకమ్మకి తంగేడు పూలు ఏరుకురావడం... మన అమ్మమ్మల చిన్నతనమంతా ఇదే.

నా మాట ఒక్కటే. అంగన్‌వాడీ ఉన్న ఊళ్లోనే ఈ నర్సరీ ఉంది, 2020 తర్వాత వచ్చిన పల్లె ప్రకృతి వనం ఉంది. వారంలో రెండు పొద్దులు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలి. పాములు, ఎండ ఉంటాయి, నిజమే. మన ఖమ్మం ఎండ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. తొమ్మిదిన్నరకల్లా వెనక్కి తెచ్చేయాలి. గడ్డి కోయించాలి, నీళ్ల తొట్టికి మూత ఉండాలి, పురుగుమందులు తాళం వేసి ఉండాలి.

ఇదంతా అంగన్‌వాడీ టీచరు నెత్తిన పెట్టడం మాత్రం అన్యాయం. గుడ్లు, బరువులు, రిజిస్టర్లతోనే ఆమెకి సరిపోతోంది. అందుకే ఈసారి మన ఎన్ఎస్ఎస్ క్యాంపు ఏడు రోజులూ గోడల మీద నినాదాలు రాయకుండా, ఒక ఊరి నర్సరీలో నీడకి పందిరేసి, ఇసుక గుంట తవ్వి, కంచె బాగు చేసొద్దాం. పందిరి డిజైన్ సివిల్ వాళ్లది, చాకిరీ అందరిదీ.

మావాడు ఒక కవర్లో చింతగింజ నాటుకొచ్చాడు. ఇంకా మొలవలేదు. మొలిచిందో లేదోనని వాడు రోజూ తవ్వి చూస్తున్నాడని నిన్న అక్క ఫోన్లో చెప్పింది.