లారీ ఆగే చోట నెట్ ఉండాలి
లారీ డ్రైవర్ చేతిలో ఫోన్ కనిపిస్తే కాలక్షేపం అనుకుంటాం. కానీ ఇవాళ లోడు కబురు వచ్చేది, ఫాస్టాగ్ నింపేది, ఓనరు డీజిల్ డబ్బులు వేసేది అందులోనే. మామూలు సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక్కరోజే గడువు. బండి ఆగిపోతే గడువు ముగిసే ముందు 8 గంటల్లో గానీ, ముగిశాక 8 గంటల్లో గానీ పొడిగించుకోవాలి. నల్లమల ఘాట్‌లో యాక్సిల్ విరిగినవాడు ఆ మాట ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఎలా చేరవేయాలి? క్యాబిన్ మీదికెక్కి, ఫోన్ పైకెత్తి, ఒక్క గీత కోసం వెతుక్కుంటాడు. అక్కడ ఇంట్లో బిడ్డ, పాపం, నాన్న వీడియోకాల్ కోసం నిద్ర ఆపుకుని కూర్చుంటుంది. బండి నడుపుతూ ఫోన్ ముట్టకూడదు, అందులో రాజీ లేదు. అందుకే ఆపుకునే చోట నెట్ ఉండాలి. టోల్ కట్టించుకుంటున్న ప్రభుత్వం లారీలు నిలిపే చోట్ల ఉచిత వైఫై పెట్టాలి, ఘాట్ రోడ్లలో టవర్లు వేయించాలి.