సారా అన్న మాట ఎవరిది?

"సిద్ధాంతాలు మాకెందుకండీ, మేం ఊళ్ళలో తిరిగి పని చేసేవాళ్ళం" అనే మాట శిక్షణ తరగతుల్లో తరచూ వింటుంటాను. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. ఎర్నెస్టో లక్లావ్, షాంతాల్ మూఫ్ కలిసి 1985లో రాసిన 'హెజిమనీ అండ్ సోషలిస్ట్ స్ట్రాటజీ' చదవడమంటే ఇనప గుగ్గిళ్ళు నమలడమే. అయినా వాళ్ళు వేసిన ప్రశ్న మనది. స్త్రీ, కూలీ, పౌరురాలు అనే గుర్తింపులు ముందే తయారై ఉండి, ఆ తర్వాత రాజకీయాల్లోకి వచ్చి మాట్లాడతాయా? లేక ఎవరితో తలపడ్డాం, ఎవరితో చేతులు కలిపాం అన్నదాన్ని బట్టి తయారవుతాయా?

తలపడే క్రమంలోనే తయారవుతాయన్నది వాళ్ళ జవాబు. వాళ్ళు 'డిస్కోర్స్' అన్నది ఉత్త మాటల గురించి కాదు. వేలంపాట, రేషను కార్డు, వాచకంలోని పాఠం, అన్నీ అందులో భాగమే. ఏ డిమాండుకీ దానంతటదే అర్థం ఉండదు, దేనితో ముడిపడిందో దాన్ని బట్టి వస్తుంది. వేర్వేరు డిమాండ్లు ఒకే ప్రత్యర్థిని చూసినప్పుడు గొలుసుగా కలుస్తాయి. అందులో ఒకటి మిగిలినవాటన్నిటి తరఫునా నిలబడుతుంది.

నెల్లూరు జిల్లాలో 1992లో 'సారా' అన్న మాట అలా నిలబడింది. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి పల్లెలకి చేర్చింది. అక్షరాస్యతా కేంద్రాల్లో రాత్రిపూట కూర్చున్న ఆడవాళ్ళు తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో మొదలై ఊరూరా దుకాణాలు మూయించారు, వేలంపాటలు అడ్డుకున్నారు. వాళ్ళు అడిగింది మొగుడి తాగుడు గురించి మాత్రమే కాదు. కూలి డబ్బు ఎటు పోతోంది, మంచినీళ్ళు రాని ఊరికి సారా ఎలా వస్తోంది, రాత్రి తన్నులకి జవాబుదారీ ఎవరు, కాంట్రాక్టరుకి పోలీసు ఎందుకు కాపలా కాస్తున్నాడు? ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఇంటి గొడవగా ఉన్నది ఖజానా గొడవ అయింది. అప్పటిదాకా ఫలానావాడి పెళ్ళాంగా ఉన్న మనిషి కలెక్టరుని నిలదీసే పౌరురాలైంది.

ఆ గొలుసు ఎలా తెగిందో చెప్పుకోవడం మనకి అలవాటు లేదు. ఎవరూ ఉద్యమాన్ని కాదనలేదు, అందరూ మెచ్చుకున్నారు. ఒకరికి వాళ్ళు సంసారాన్ని కాపాడుకునే తల్లులు, ఒకరికి వర్గపోరాటంలో ఓ దళం, ఇంకొకరికి ఓట్లు. రాష్ట్రమంతటా సారా నిషేధం 1993 అక్టోబరు 1న వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో ఎత్తేశారు. ఈలోగా నెల్లూరులోనే 'పొదుపు లక్ష్మి' మొదలైంది. సారా నుంచి మిగిలిన రూపాయిని దాచుకోమన్నారు. పొదుపు చెడ్డదని నేననను, ఆ రూపాయి ఎందరినో వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కకుండా ఆపింది. కానీ ఖజానా లెక్క అడిగిన మనిషి తన పాసుపుస్తకం లెక్క చెప్పే మనిషైంది. సారా అన్న మాట కూలినీ నీళ్ళనీ పోలీసునీ వదిలి పొదుపుతో ముడిపడింది. లక్లావ్, మూఫ్ ఆధిపత్యం అన్నది దీన్నే. గెలిచిన డిమాండునే తీసుకుని, దాని పక్కన ఇంకో మాట పెడతారు.

గొలుసు కట్టే పనిలో మన తప్పూ ఉంది. దుకాణాల ముందు నిలబడ్డవాళ్ళలో చాలామంది దళిత, వెనకబడిన కులాల కూలి స్త్రీలు. మన వ్యాసాల్లో వాళ్ళు 'గ్రామీణ మహిళ' అయిపోయారు. ఈ సిద్ధాంతంతో నా పేచీ కూడా ఇక్కడే. అందరి తరఫునా ఒక మాట నిలబడుతుంది సరే, ఆ మాట ఏదో తేల్చే బలం అందరికీ ఒకేలా ఉండదు. 1992లో అచ్చయిన 'ఫెమినిజం, సిటిజన్‌షిప్ అండ్ రాడికల్ డెమొక్రటిక్ పాలిటిక్స్' వ్యాసంలో మూఫ్ 'స్త్రీ' అన్న ఏకరూప గుర్తింపు అక్కర్లేదనీ, స్త్రీవాదాన్ని తక్కిన అణచివేతలపై పోరాటాలతో కలిపి కట్టాలనీ వాదిస్తుంది. ఒప్పుకుంటాను. కలిపి కట్టే చేతులు ఎవరివన్నది మాత్రం దళిత స్త్రీలు మనని అడగాల్సి వచ్చింది.

ఇప్పుడు మన ఫారాల్లో 'లబ్ధిదారు' అనే గడి ఉంది, 'సాధికారత' అనే గడి ఉంది. బెల్టు షాపు తీసేయమని వచ్చిన మనిషిని ఏ గడిలో రాస్తున్నాం? ఆమె అదే అర్జీలో ఉపాధి హామీ బకాయి గురించీ, అల్లుడు కూతుర్ని కొట్టడం గురించీ చెబితే, మూడు ప్రాజెక్టులకి మూడు కాగితాలుగా చింపుతున్నామా? ఆంధ్రలో మద్యం దుకాణాలు 2019లో ప్రభుత్వం చేతికి వచ్చి 2024లో మళ్ళీ ప్రైవేటుకి వెళ్ళాయి. రెండుసార్లూ చర్చ ఆదాయం చుట్టూ, బ్రాండ్ల చుట్టూ తిరిగింది.

వచ్చే సంచిక కోసం మీ దగ్గరికొచ్చిన అర్జీల నకళ్ళు పంపండి. పేర్లు తీసేయండి, భాష దిద్దవద్దు, అంశాలవారీగా విడగొట్టవద్దు. ఏ ఫిర్యాదు తర్వాత ఏ ఫిర్యాదు రాయించారో ఆ వరసలోనే అచ్చువేస్తాం.