రంగు వేసిన చేతికి పేరేదీ?

పెద్దవాళ్ళు కలరింగ్ బుక్ ముందేసుకుని కూర్చుంటే చూసేవాళ్ళు రెండే మాటలంటారు. ఒకటి, "ఏంటండీ ఈ చిన్నపిల్లల పని?" రెండోది, "మంచిదేలెండి, టెన్షన్ తగ్గుతుందట కదా!" మొదటిది వెక్కిరింత, రెండోది జాలి. నిజం చెప్పాలంటే నాకు జాలే ఎక్కువ గుచ్చుకుంటుంది. వీణ వాయించే ఆవిడని పట్టుకుని బీపీ ఎంత తగ్గిందని ఎవరూ అడగరే! స్కాట్లండ్ చిత్రకారిణి జొహానా బాస్‌ఫర్డ్ 2013లో 'సీక్రెట్ గార్డెన్' అనే కలరింగ్ బుక్ తెచ్చాక ఇలాంటి పుస్తకాలు లక్షల్లో అమ్ముడయ్యాయి. వాటిని మెచ్చుకున్నవాళ్ళు కూడా మందుబిళ్ళని మెచ్చుకున్నట్టే మెచ్చుకున్నారు.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది జానపద దేవదూతల పుస్తకం. అందులో నన్ను పట్టి ఆపినవి అమెరికాలోని పెన్సిల్వేనియా జర్మన్ల దేవదూతలు. గుండ్రటి ముఖం, చేప పొలుసుల్లాంటి రెక్కలు, గంటలా విచ్చుకున్న గౌను. చర్చి పైకప్పు మీద తేలిపోయే సుకుమారులు కారు వీళ్ళు. పొలం పనికి పిలిస్తే వచ్చేసేలా ఉంటారు. "ఇదేం దేవదూత, కాళ్ళు కూడా సరిగ్గా లేవు" అని నవ్వేవాళ్ళకి వీళ్ళ పుట్టుక తెలియదు.

పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీ ప్రాంతాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన లూథరన్, రిఫార్మ్‌డ్ అనే ప్రొటెస్టెంట్ శాఖల కుటుంబాలు బిడ్డ పుట్టుక, బాప్టిజం వివరాలని అందమైన కాగితం మీద రాయించుకునేవి. దాన్ని టౌఫ్‌షైన్ అంటారు, ఆ కళ మొత్తానికి ఫ్రాక్టూర్ అని పేరు. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, ఊరు, సాక్షులు, వాటి చుట్టూ ట్యూలిప్ పూలు, చిలకలు, దేవదూతలు. రాసేవాళ్ళలో చాలామంది బడిపంతుళ్ళే. గిరాకీ పెరిగాక రెడింగ్ వంటి ఊళ్ళలో అచ్చాఫీసులు దేవదూతల బొమ్మలతో ఖాళీ ఫారాలు వేయడం మొదలుపెట్టాయి. గీత మాత్రం నల్లగా అచ్చయ్యేది, రంగు చేత్తో వేయాల్సిందే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడే హెస్సియన్ (జర్మన్) సైనికుడిగా వచ్చి, యుద్ధమయ్యాక అక్కడే ఉండిపోయి పంతులైన ఫ్రీడ్రిష్ క్రెబ్స్ అలాంటి ఫారాలు వేలల్లో కొన్నాడు. 1815లో చనిపోయేదాకా ఆయన బతుకులో పెద్ద భాగం ఇదే.

అంటే ఏమిటి? ఒకరు గీసిన గీతలో మరొకరు రంగు నింపడం! మీరు పిల్లలాట అంటున్న పనే. ఒకే అచ్చుదిమ్మె నుంచి వచ్చిన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో రెక్క ఎర్రన, గౌను పసుపు. రెండోదానిలో గౌను ఆకుపచ్చ, బుగ్గల మీద కుంకుమ చుక్కల్లా రెండు ఎర్రటి మచ్చలు, కుంచె తొందరలో గీత దాటిన జాడ. ఆ రెండు చుక్కలు పెట్టేవరకూ దేవదూత అచ్చుబొమ్మే, పెట్టాక మనిషయింది. ఇలాంటి కాగితాలని జనం పెట్టె మూతల లోపల అంటించుకుని దాచారు. ఆ స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పెన్షన్ కోసం రుజువుగా ప్రభుత్వానికి పంపుకున్నవీ ఉన్నాయి. అవి ఇవాళ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఈ చిన్నచూపు దేవదూతలతో ఆగిపోలేదు. పక్షుల చిత్రకారుడు ఆడబాన్ 'బర్డ్స్ ఆఫ్ అమెరికా'లో 435 చిత్రఫలకాలున్నాయి. లండన్‌లో వాటిని అచ్చేసిన హావెల్ పనిశాలలో పదులమంది కూర్చుని ఒక్కో పక్షికీ చేత్తో రంగు వేశారు. న్యూయార్క్‌లో కరియర్ అండ్ ఐవ్స్ అనే అచ్చు కంపెనీ చిత్రాలకి ఆడవాళ్ళు వరసగా కూర్చుని, తలా ఒక రంగు వేసి పక్కవాళ్ళకి అందించేవారు. ఆడబాన్ పేరు మిగిలింది, హావెల్ పేరూ మిగిలింది, ఆ కంపెనీ పేరూ మిగిలింది. ఆ చేతుల పేర్లు?

అంత దూరం ఎందుకు, కలంకారీ చూడటానికి శ్రీకాళహస్తి వెళ్ళండి. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద చింతబొగ్గుతో గీత, దాని మీద ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నల్లరంగు కలం. అంతవరకూ గురువుగారు. ఆ తర్వాత పటిక అద్దకాలు, పసుపు, నీలి, ఎరుపు నింపే పని చాలా ఇళ్ళలో ఆడవాళ్ళది. పటిక పలుచనైతే ఎరుపు పట్టదు, ఎక్కడో ఒలికితే దేవుడి ముఖమే పోతుంది. అయినా "ఆవిడా? ఊరికే రంగులేస్తుందండీ" అనేస్తారు. ఆ "ఊరికే" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

పుస్తకాలు వేసేవాళ్ళకి నాదొక విన్నపం. దేవదూతని ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి, వంకరలు సరిచేసి, సున్నితంగా మార్చి "జానపదం" అని చీటీ అంటించకండి. ఏ ఊరి బొమ్మ, ఏ కాలంది, తెలిస్తే ఎవరి చేతిదో కూడా పేజీ కింద ఒక్క వరస వేయండి. కాగితం కాస్త మందంగా వాడండి. వెనక పేజీలో ఇంకో బొమ్మ అచ్చేస్తే నీళ్ళ రంగు ఇటు నుంచి అటు దిగి రెండూ పాడవుతున్నాయి. చిత్రకళ గురించి రాసే పత్రికలు కాలక్షేపం శీర్షిక కింద కాకుండా కళల పేజీలో ఒక్కసారి వీటిని సమీక్షించి చూడాలి. ఇంకొక్కటి, ప్రతి బొమ్మ కిందా కుడిపక్కన రంగు వేసినవాళ్ళు పేరూ తేదీ రాసుకోవడానికి చిన్న గీత ఒకటి గీసి వదలండి. క్రెబ్స్‌కి ముందూ వెనకా రంగులు నింపిన ఎంతోమందికి మనమిప్పుడు పేర్లు వెతకలేం. కనీసం ఇకనుంచి వేసేవాళ్ళకైనా ఆ చోటు ఇవ్వండి.