16 బైట్ల చోటులో 64

ఆర్‌సింక్ పేరు వినని కంప్యూటర్ వినియోగదారులు చాలామందే ఉంటారు. సర్వర్లు నడిపేవారికి మాత్రం అది లేకుండా రోజు గడవదు. రెండు యంత్రాల్లోని ఫైళ్ల మధ్య తేడా ఎక్కడుందో చూసి, మారిన ముక్కలను మాత్రమే పంపే సాఫ్ట్‌వేర్ ఇది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ దీన్ని 1996లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టారు.

2025 జనవరి 14న దీని 3.4.0 వెర్షన్ ఆరు భద్రతా లోపాలకు మరమ్మతుతో వచ్చింది. ఐదింటిని పట్టుకున్నది గూగుల్ పరిశోధకులు. అన్నిటిలోకీ ప్రమాదకరమైనదానికి తీవ్రత కొలమానంలో పదికి 9.8 పడింది.

ఇంతా చేసి ఆ పొరపాటు చాలా చిన్నది. ఫైలు ముక్కలను పోల్చడానికి అవతలి యంత్రం చెక్‌సమ్‌లు, అంటే ఒక్కో ముక్కకు గుర్తుగా లెక్కగట్టిన సంఖ్యలు, పంపుతుంది. వాటిలో ఒక్కోదానికి కేటాయించిన చోటు 16 బైట్లు. 3.2.7 వెర్షన్‌లో షా-512 లాంటి పొడవైన పద్ధతులు చేరాక గరిష్ఠ పొడవు 64 బైట్లయింది. చోటును మాత్రం ఎవరూ పెంచలేదు! పొడవెంతో చెప్పేది అవతలివాడే కాబట్టి, 48 బైట్ల దాకా పక్క మెమరీలోకి పొర్లించగలడు. మెమరీ గుట్టు బయటపెట్టే మరో లోపాన్ని దీనికి జతచేస్తే, సర్వర్‌లో తన సొంత కోడే నడిపించగలడు.

పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. ఎవరైనా వచ్చి తీసుకోవచ్చని తెరిచిపెట్టిన మిర్రర్ (ఫైళ్ల నకళ్లు ఉంచే సర్వర్) చాలు. ‘చదవడానికి మాత్రమే కదా ఇచ్చాం’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇది కొత్త భయం కూడా కాదు. 2003 డిసెంబర్‌లో జెంటూ లినక్స్ మిర్రర్ ఒకటి ఇలాగే దొంగల చేతికి చిక్కింది. ఆర్‌సింక్ 2.5.6లోని లోపాన్ని, లినక్స్ కెర్నెల్‌లోని మరో లోపాన్ని కలిపి లోపలికి చొరబడ్డారు. ఆ సర్వర్‌లో చొరబాటును పసిగట్టే ఏర్పాట్లు ముందే ఉండబట్టి సంగతి త్వరగా బయటపడింది. రెండు రోజుల్లోనే 2.5.7 వచ్చింది.

ఈసారి మరమ్మతులో మెచ్చుకోవలసిన పని ఒకటుంది. ప్రోటోకాల్ సంఖ్యను 32కు పెంచారు. తమ సర్వర్లలో కొత్త వెర్షన్ పడిందో లేదో నిర్వాహకులు సులువుగా తేల్చుకోవాలనే అలా చేశారు. మరమ్మతు విడుదల చేసి చేతులు దులుపుకోకుండా, అది చివరి యంత్రం దాకా చేరాలని ఆలోచించడం అసలైన బాధ్యత. 3.4.0 తెచ్చిన కొన్ని చిక్కులను మర్నాడే 3.4.1తో సరిదిద్దారు కూడా.

మిగిలింది సర్వర్ల యజమానుల వంతు. డెబియన్ 12 లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు పాత 3.2.7కే మరమ్మతు అతికించి ఇచ్చాయి కనుక, వెర్షన్ అంకె ఒక్కటే చూసి తేల్చేయవద్దు. ప్యాకేజీ పూర్తి సంఖ్యను మీ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన భద్రతా ప్రకటనతో సరిపోల్చండి. బయటివారికి అవసరం లేకపోతే ఆర్‌సింక్ వాడే 873 పోర్టును ఫైర్‌వాల్‌లో ఇవాళే మూసేయండి.