మిష వేరు, కారణం వేరు

మృత్యువు ఏదో ఒక మిషతో వస్తుందని మన పెద్దలు అనేవారు. కరోనా కాలంలో ఈ మాట ఒక వింత వాదానికి ఊతమైంది. "ఆయనకు మధుమేహం ఉంది, గుండెజబ్బు ఉంది, కరోనా మిష మాత్రమే" అన్నారు కొందరు. "ఎవరు పోయినా కరోనా ఖాతాలోనే వ్రాశారు" అన్నారు మరికొందరు. ఇన్నేళ్ళయినా ఆ తగవు తెగలేదు.

తర్కశాస్త్రంతో పరిచయమున్న వారికి ఇది కొత్త సమస్య కాదు. కుండకు మట్టి ఒక కారణం, కుమ్మరి మరొక కారణం, సారె ఇంకొకటి. మట్టి ఉన్నది గనుక కుమ్మరి లేడనడం తర్కం కాదు. మధుమేహంతో ఇరవై ఏళ్ళు బ్రతికిన మనిషి కరోనా సోకి పదవనాడు ఊపిరందక మరణిస్తే, మధుమేహం ఆ దేహాన్ని బలహీనపరచిన మాట నిజమే. కాని మరణానికి దారితీసిన గొలుసును ఆరంభించినది వైరస్. వైద్యుడు మూలకారణంగా వ్రాయవలసినది దానినే. న్యుమోనియా దాని ఫలితం. మధుమేహం తోడ్పడిన కారణం. దానికి పత్రంలో వేరే భాగమున్నది. ఐ.సి.ఎం.ఆర్. 2020లో ఇచ్చిన సూచనల సారాంశం ఇదే. రోడ్డు ప్రమాదంలో పోయినవారిని కరోనా లెక్కలో చేర్చమని అది చెప్పలేదు.

ఇది పండితుల వాగ్వాదం మాత్రమే కాదు. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2021లో మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం నిర్ణయమైంది. పరీక్షలో వ్యాధి తేలిన 30 రోజులలోపు సంభవించిన మరణాన్ని, ఇంట్లో జరిగినా సరే, కరోనా మరణంగానే పరిగణించాలన్నారు. 2022 జనవరి నాటికి ఆంధ్రప్రదేశ్ అధికారిక లెక్కలో మృతులు 14 వేల పైచిలుకు. సాయానికి వచ్చిన దరఖాస్తులు 36 వేల పైచిలుకు. వాటిలో అత్యధికం అర్హమైనవేనని తేలింది. అంటే పత్రంలో ఒక్క మాట లోపించి ఎన్ని ఇళ్ళ దుఃఖం లెక్కకు రాకుండా పోయిందో ఊహించుకోవచ్చు.

ఇక రెండవ వైపు చూద్దాం. అలిపిరి దారిలోని రుయా ఆసుపత్రిలో 2021 మే 10 రాత్రి, ఆక్సిజన్ టాంకరు రావడం ఆలస్యమై, 11 మంది కరోనా రోగులు మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. అంతకంటె ఎక్కువమందేనని ప్రతిపక్షం అన్నది. వారి మరణపత్రాలలో మూలకారణం కరోనా అని వ్రాస్తే వైద్యరీత్యా తప్పు పట్టలేము. కాని అదే ఏడాది జులై 20న, ఆక్సిజన్ కొరతవల్ల మరణాలు సంభవించినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా తెలుపలేదని కేంద్రం రాజ్యసభకు చెప్పింది. తొట్టి నింపడానికీ, ప్రత్యామ్నాయ ఏర్పాటు పనిచేయడానికీ నడుమ వెంటిలేటర్లలో పీడనం తగ్గినట్లు ప్రాథమిక విచారణలో తేలిందన్న మన రాష్ట్ర నివేదిక ఆగస్టులోగాని అక్కడికి చేరలేదు.

మొదటి సందర్భంలో మధుమేహం చాటున వైరస్ దాగింది. రెండవ సందర్భంలో వైరస్ చాటున మనుషుల ఏమరుపాటు దాగింది. మరణపత్రం వ్యాధిని చెప్పగలదు, బాధ్యతను చెప్పలేదు. అందువల్ల ఇటువంటి మరణాలకు వైద్యుని పత్రంతో పాటు, బహిరంగంగా ప్రకటించిన విచారణ నివేదిక కూడా ఉండి తీరాలి. వైరస్‌ను సంజాయిషీ అడగలేము. టాంకరు ఎందుకు ఆలస్యమైందో, ప్రత్యామ్నాయం వెంటనే ఎందుకు అందలేదో అడగగలం. అడగవలసిన చోట "విధి" అని ఊరుకోరాదని నా మనవి.