కుందేలు నాలుగో కాలు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెత మొండివాళ్లను ఎత్తిపొడవడానికి పుట్టింది. ఇంట్లో కుందేళ్లు పెంచుకునేవాళ్ల విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం. మనం పెంచే కుందేలుకు మెత్తదనం ఒక కాలు, బెదురు ఒక కాలు, అమాయకత్వం ఒక కాలు. నాలుగోది కోపం. అది కూడా ఉందని మనం ఎన్నడూ లెక్క రాసుకోలేదు. ఒక పొద్దున గూడు తలుపు తీసేసరికి నేలంతా తెల్లటి బొచ్చు ఎగురుతూ ఉంటుంది. నిన్నటిదాకా ఒకదాని మెడ మీద ఒకటి తల వాల్చుకుని పడుకున్న జత చెరో మూల నక్కి రొప్పుతూ ఉంటుంది. అప్పుడు తెలుస్తుంది నాలుగో కాలి సంగతి.

చిత్తూరు జిల్లా పలమనేరులో ఏ వీధిలోనైనా జరగగల సంగతే అనుకుందాం. పిల్లవాడు మారాం చేస్తే వాళ్ల నాన్న బెంగళూరు నుంచి వస్తూ ఒక జతను తెచ్చాడు. రెండూ ఆడవే, ఒకే తల్లి పిల్లలు అని అమ్మినవాడు చెప్పాడు. మూడు నెలలు ముద్దుముద్దుగా గడిచాయి. నాలుగో నెలలో ఒక రోజు, "అవ్వా! రెండూ కొట్టుకుంటా ఉండాయి" అని పిల్లవాడి కేక. "కొట్టుకోనీలేరా, ఆకలైతే అవే కలుస్తాయి" అంది అవ్వ. "ఆ నల్లమచ్చ దానికే పొగరు, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు నాన్న. ఒకరు కయ్యాన్ని కొట్టిపారేశారు. ఇంకొకరు తీర్పు చెప్పేశారు. ఎందుకు కొట్టుకున్నాయని ఎవరూ అడగలేదు.

వింతేమిటంటే, అలా అడగడం ఈ నేలకు బాగా తెలిసిన విద్య. ఇది పాడి మీద ఆధారపడ్డ సీమ. పొద్దున పాలు పిండేటప్పుడు ఎన్నడూ లేనిది ఆవు కాలు విసిరితే, అనుభవం ఉన్న మనిషి కర్ర అందుకోదు. ముందు చెయ్యి పొదుగు మీదికి వెళుతుంది. వేడిగా ఉందా, గట్టిపడిందా, చన్ను దగ్గర పగిలిందా, దూడ కొరికిందా అని తడిమి చూస్తుంది. పొదుగువాపు మొదలైతే ఆవు చెప్పుకోగలిగేది ఆ తన్నుతోనే. పుంగనూరు పొట్టి ఆవుల జాతిని నిలబెట్టే పని చేస్తున్న పశు పరిశోధనా కేంద్రం ఉన్నది కూడా పలమనేరులోనే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతోంది. ఆవు తన్నును తిట్టుగా తీసుకోకుండా కబురుగా అందుకునే ఊళ్లో, కుందేలు కాటును మాత్రం పొగరుగా ఎందుకు చదువుతున్నాం?

కొంత తప్పు మన మాటలోనే ఉంది. పొలం గట్ల మీద సాయంత్రం పూట చెవులు నిక్కించి ఒక్క దూకులో మాయమయ్యే చెవుల పిల్లినీ, గూట్లో పెంచే తెల్లదాన్నీ కుందేలు అన్న ఒకే మాటతో పిలుస్తాం. రెండూ వేరు జాతులు. పొలంలోది బొరియ తవ్వదు, ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది కనుక దాన్ని పట్టడం, పెంచడం నేరం. పెంపుడుది స్పెయిన్, పోర్చుగల్ వైపు నేలల్లో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికిన జాతి సంతానం. దాని పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. తోడు లేకుండా ఇది కుంగిపోతుంది. తోడు ఉన్నచోట హద్దులు, వరసలు, అలకలు తప్పవు. గుంపు బతుకు గుంపు గొడవలతో సహా వస్తుంది.

ఈ సంగతిని ఓపికగా చూసి రాసిన మనిషి బ్రిటన్‌కు చెందిన ఆర్.ఎం. లాక్లీ. వేల్స్‌లో అడవి కుందేళ్లను ఏళ్ల తరబడి గమనించి 1964లో ఆయన ఒక పుస్తకం వేశాడు. కుందేళ్లే పాత్రలుగా రిచర్డ్ ఆడమ్స్ రాసి 1972లో అచ్చయిన 'వాటర్‌షిప్ డౌన్' నవలలో కుందేళ్ల నడవడికకు ఆ పుస్తకమే ఆధారం. గుంపులో మగవాటికి ఒక వరస, ఆడవాటికి ఒక వరస ఉంటాయి. ఈతకు మంచి బొరియ కోసం ఆడవి మగవాటికి తీసిపోకుండా పోట్లాడతాయి. గడ్డం కింద ఉండే గ్రంథుల వాసనను రాయికీ గడపకూ రుద్ది, ఇది మాది అని రాసుకుంటాయి. మనం ఇంటి ముందు పేరు పలక పెట్టుకున్నట్టే.

అయితే కుందేలు ఇంటిలో పెద్దరికం ఎవరిదో బయటివాళ్లు పోల్చుకోవడం అంత తేలిక కాదు. ఒకటి తల నేలకు ఆనించి రెండోదాని ముందు ఉంచితే, పాపం లొంగిపోయిందని మనం జాలిపడతాం. చాలాసార్లు అది పెద్దరికం చేసే తీరు. తన నుదురు నాకమని అడుగుతోందన్నమాట. కాస్త తరమడం, మీదికెక్కడం, చిన్నగా గిల్లినట్టు కొరకడం వాటి మధ్య రోజూ నడిచే మాటలే. చెవులు వెనక్కి అణిచి, తోక లేపి ఎదురెదురుగా నిలబడటం, ఒకదాని పిరుదుల వెంట ఒకటి బొంగరంలా తిరుగుతూ కొరుక్కోవడం, కుచ్చులు కుచ్చులుగా బొచ్చు రాలడం అసలు కొట్లాట. ఇక్కడా ఒక చిక్కుంది. నేల మీద బొచ్చు కనబడిందల్లా కొట్లాట కాదు. ఆడ కుందేలు ఈనబోయే ముందు తన పొట్ట మీది బొచ్చు తానే పీకి, నోటినిండా గడ్డి కరచుకుని గూడు కట్టుకుంటుంది. కడుపు నిలవకపోయినా నిలిచినట్టే ఒళ్లు భ్రమపడి, రెండు వారాల పైన ఇదే పని చేసే రోజులూ ఉంటాయి. ఆ రోజుల్లో పక్కనున్నది దగ్గరికి వస్తే కసురుకుంటుంది. అది పొగరు కాదు, పురిటి గది తలుపు.

ఇక ఎందుకు అన్న ప్రశ్న. మొదటిది వయసు. మూడున్నర, నాలుగు నెలలకే వాటికి ఈడు వస్తుంది. అన్నదమ్ములైనా అక్కచెల్లెళ్లైనా ఒళ్లు మారగానే లెక్కలు మారతాయి. రెండూ ఆడవే అన్న అమ్మకందారు మాట తప్పని తేలేదీ అప్పుడే. నెల రోజుల్లో పిల్లలు కూడా సాక్ష్యం చెబుతాయి. రెండోది నొప్పి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. దవడ పళ్లు మొన తేలి నాలుకను కోస్తున్నా, పొట్ట ఉబ్బినా, అది మూలగదు. వేటాడే జంతువులకు దొరక్కుండా బతకవలసిన ప్రాణి కనుక బాధను దాచుకుంటుంది. తోటిది ఆప్యాయంగా దగ్గరికి వస్తే మాత్రం తట్టుకోలేక కొరుకుతుంది. మూడోది వాసన. ఒకదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చామంటే, మందుల వాసనతో తిరిగొచ్చింది రెండోదాని ముక్కుకు పరాయిదే. మన చేతికి వేరే కుందేలు వాసన అంటినా చాలు. నాలుగోది చోటు. ఇల్లు మారడం, గూడు జరపడం, కొత్తగా వచ్చిన కుక్కపిల్ల, పండగ నాటి టపాకాయలు. చిత్తూరు, తిరుపతి కంటే పలమనేరు చల్లన అన్నది నిజమే కానీ, ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కప్పు కింద గూడు పెడితే ఆ చల్లదనం వాటికి అందదు. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా చెవుల ద్వారా వదలాలి. ముప్పై డిగ్రీలు దాటితే దాని ప్రాణం విలవిల్లాడుతుంది.

వీటన్నిటి వెనకా అసలు కారణం ఇంకొకటుంది. అది మనం కట్టిన గూడే. బయలులో ఓడిన కుందేలు పారిపోతుంది. గెలిచింది నాలుగు అంగలు తరిమి ఊరుకుంటుంది. కయ్యం అక్కడితో సరి. రెండడుగుల బోనులో ఓడినదానికి పోయేందుకు దారి లేదు, గెలిచినదానికి ఆగేందుకు కారణం కనబడదు. అందుకే తెలిసినవాళ్లు దాక్కునే పెట్టెకు రెండు వైపులా తలుపులు పెడతారు. గిన్నెలు రెండు, నీళ్లు రెండు చోట్ల, గడ్డి రెండు మూలల ఉంచుతారు. పలమనేరు వాళ్లకు ఈ పాఠం పెద్ద అక్షరాల్లోనూ పరిచయమే. 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు ఈ అడవులకు వచ్చాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పొలం మీద పడ్డ ఏనుగును తిట్టుకుంటూనే, దాని దారి ఎక్కడ మూసుకుపోయిందో ఈ ఊరు ఆలోచిస్తూ వస్తోంది. ఏనుగుకైనా కుందేలుకైనా తప్పుకునే దారి ఉంటే సగం తగాదా ఉండదు.

కొట్లాట కంటబడినప్పుడు ఒట్టి చేతులు మధ్యలో పెట్టకూడదు. ఆ పళ్లకు ఆ క్షణాన మనవాళ్లు, పరాయివాళ్లు ఉండరు. మందపాటి తువ్వాలు కప్పడమో, చీపురో అట్టముక్కో అడ్డుపెట్టడమో మేలు. విడదీశాక బొచ్చు పాయలు తీసి చర్మం చూడాలి. పైకి కనబడని పంటిగాటు లోపల చీము పడుతుంది. కుందేలు చీము వెన్నలా గట్టిగా ఉంటుంది కనుక దానంతట అది కారిపోదు. ఏ ఒక్కటి పూటంతా మేత ముట్టకపోయినా మర్నాటిదాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. తర్వాత మధ్యన జాలీ పెట్టి, ఒకదానికొకటి కనబడేలా, వాసన తెలిసేలా ఉంచాలి. పరుపు గడ్డి ఇటుది అటు, అటుది ఇటు మార్చాలి. ఉద్రేకం తగ్గాక, రెండింటికీ సొంతం కాని చోట, పక్కనే కూర్చుని కొద్ది నిమిషాలు కలిపి చూడాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వల్ల ఈ కయ్యాలు చాలావరకు తగ్గుతాయి. కుందేలుకు మత్తు ఇవ్వడంలో చెయ్యి తిరిగినవాళ్లే ఆ పని చేయాలి. చిన్న ఊళ్లో అది దొరకకపోతే, 1955 నుంచి తిరుపతిలో ఉన్న పశువైద్య కళాశాల లాంటి చోట విచారించాలి. ఆపరేషన్ అయిన మగది సైతం ఒళ్లు చల్లబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు తీసుకుంటుంది. అన్నీ చేసినా కలవని జతలు ఉంటాయి. వాటికి జాలీకి అటొకటి ఇటొకటిగా బతకడమే శాంతి. అది ఓటమి కాదు, ఇరుగుపొరుగు.

ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంత సేపని మనవాళ్లంటారు. అవ్వ మాటలో ఉన్న ధీమా అదే. నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ జంతుప్రదర్శనశాలలో చింపాంజీలను గమనించిన ఫ్రాన్స్ డి వాల్, కొట్టుకున్నవి కాసేపటికే వెతుక్కుంటూ వెళ్లి కౌగలించుకోవడం, ముద్దుపెట్టుకోవడం చూసి 1979లో మరొకరితో కలిసి దాని గురించి రాశాడు. దానికి రాజీ అని పేరు పెట్టాడు. తర్వాత మేకల్లోనూ అలాంటిది చూశారు. రాజీ పడటం మనిషి సొత్తు కాదని తేలింది, సంతోషమే. అయినా కుందేళ్ల పెసరగింజ ఒక్కోసారి వారాల తరబడి అద్దం మీదే నిలిచిపోతుంది. అవే కలుస్తాయని వదిలేసిన గూట్లో తెల్లారేసరికి ఒక కన్ను పోయి ఉండొచ్చు. కనుక అవ్వ ధీమా చాలదు, నాన్న తీర్పూ చాలదు. రెండింటి నడుమ చేయవలసిన పని ఒకటుంది. నిన్నటికీ ఇవాళటికీ ఏం మారిందో వెతకడం.

మన ఇళ్లలోనూ అంతేగదా. నాలుగు గిన్నెలు ఒకచోట ఉంటే చప్పుడు కాక మానదు. చప్పుడు వినగానే ఏ గిన్నెది తప్పని అడుగుతాం తప్ప, అర ఎంత ఇరుకైందో చూడం. కసురుకున్న కోడలికి రాత్రి నిద్ర పట్టిందో లేదో, విసుక్కున్న తాతకు మోకాలు ఎంత సలుపుతోందో, తలుపు ధడాల్న వేసిన పదో తరగతి పిల్లకు ఆ ఇంట్లో తనదంటూ ఒక మూల ఉందో లేదో అడిగేసరికి తీర్పు చాలాసార్లు దానంతట అదే వెనక్కి పోతుంది. దెబ్బ పడిన చోట మాత్రం ముందు విడదీయడం, గాయం చూడటం, ఆ తర్వాతే కారణాలు. కుందేళ్ల దగ్గర పాటించే ఆ వరస మనుషుల దగ్గర తప్పకూడదు.

సామెతలో మనిషిది మొండితనమే అనుకుంటూ వచ్చాం. ఆలోచిస్తే అతను కావాలని అబద్ధమాడి ఉండకపోవచ్చు. కుందేలును పట్టుకున్న మనిషికి మూడు కాళ్లే కనబడతాయి. నాలుగోది అతని పిడికిట్లో ఉంటుంది. కిందికి దించితే లెక్క సరిపోతుంది.