సంపాదకుని మాట: ఒకే గదిలో మూడేళ్లూ ఆరేళ్లూ

మా బడి ఈ వార్షిక సంచికలో ర్యాంకుల పట్టిక కోసం వెతక్కండి, లేదు.

ఎల్‌కేజీకే హోంవర్కు, ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషను అంటున్న రోజులివి. మా గదుల్లో మాత్రం మూడేళ్ల పిల్లలూ ఆరేళ్ల పిల్లలూ కలిసే ఉంటారు. 1907లో రోమ్‌లో తొలి బాలనిలయం తెరిచిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, మన ఉపాధ్యాయులకూ నేర్పిన పద్ధతి ఇది.

ఈ పద్ధతిలో పిల్లలు ఒకదానిపై ఒకటి పేర్చే గులాబీ గోపురంలో పది ఘనాలు. పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒక్కటే. ఆ చిన్నది ఈ ఏడు ఎన్నిసార్లు చాప కిందికి దొర్లిందో! ప్రతిసారీ వెతికిపెట్టింది టీచర్లు కాదు, పక్కనున్న ఐదేళ్ల అక్కలు. జూన్‌లో అమ్మ చెయ్యి వదలక ఏడ్చిన పిల్ల, సంక్రాంతి సెలవుల తర్వాత చేరిన బాబుకు చెప్పుల అర చూపించింది. ఎదుగుదల అంటే మా లెక్కలో అదే.

పెద్దలూ ఊరుకోలేదు. పిల్లలు వేలితో తడిమి నేర్చుకునే గరుకు కాగితం అక్షరాలకు ఒత్తులు కత్తిరించి ఇచ్చింది తాతయ్యలూ అమ్మమ్మలే. (తెలుగుకు ఇంగ్లీషులా ఇరవయ్యారు అక్షరాలతో సరిపోదు కదా!)

ఈ కలివిడితనమే సంచిక నిండా కనిపిస్తుంది. పిల్లల రాతల్లో తప్పులు మేం దిద్దలేదు. మీరూ ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టి చదవాలని మనవి.